బాతును చెరిపిన రబ్బరు

(మా డ్రాయింగు మాస్టారి వర్ధంతి సభలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఈ ఉపన్యాసానికి పిలిచినవాళ్లు విషయమేమిటని ఫోనులో అడిగారు. "బాతు" అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "బాపు గారి గురించాండీ?" అన్నారు. "కాదండీ, బాతే" అన్నాను. ఆహ్వాన పత్రికలో మాత్రం "యానిమేషన్ కళ: ఒక పరిశీలన" అని వేశారు. వాళ్ల ఇబ్బంది నాకు అర్థమైంది. స్మారకోపన్యాసమంటే బరువైన విషయం ఉండాలి, కనీసం పేరైనా బరువుగా ఉండాలి. కానీ మాస్టారికీ నాకూ తెగకుండా మిగిలిపోయిన తగాదా ఒక్కటే. అది ఒక బాతు గురించి.

మాస్టారిని ఎరిగినవాళ్లే ఇక్కడ ఎక్కువ. ఆయన పీరియడ్ వారానికి ఒక్కటి, శనివారం మధ్యాహ్నం. లెక్కల సిలబస్ వెనకబడితే ఆ ఒక్కటీ లెక్కల మాస్టారికి పోయేది. సిలబస్ ఎప్పుడూ వెనకబడే ఉండేది. చేతిలో రంగు సుద్దల డబ్బాతో తలుపు దాకా వచ్చి, లోపల బోర్డు మీద సమీకరణాలు చూసి, ఆగిపోయేవారు. ఆ సంగతి ఇప్పటికి ఇంతే.

నేను ఆయన దగ్గర గీత నేర్చుకుని, హైదరాబాదులో ఒక యానిమేషన్ స్టూడియోలో ఇన్‌బిట్వీనర్‌గా చేరాను. పెద్ద ఆర్టిస్టు ఒక చెయ్యి కింద ఉన్నప్పుడు ఒక బొమ్మ, పైకెత్తినప్పుడు ఒక బొమ్మ గీసి ఇస్తాడు. ఆ రెండింటి మధ్య చెయ్యి ఎక్కడెక్కడ ఉండాలో గీసి నింపడమే మా పని. లైట్ బాక్సు మీద కాగితం, కాగితం కింద కాగితం, వేళ్ల మధ్య వాటిని తిప్పి తిప్పి చూసుకోవడం. 2005 సంక్రాంతికి ఊరొస్తూ, ఒక మిత్రుడు అమెరికా నుంచి తెచ్చిన డీవీడీ పట్టుకొచ్చాను. మాస్టారింటి అరుగు మీద లాప్‌టాప్ పెట్టి ఆయనకు చూపించిన సినిమా పేరు 'డక్ అమక్'.

1953లో వచ్చిన సినిమా అది. వార్నర్ బ్రదర్స్ వాళ్లది, మెరీ మెలడీస్ వరసలోది. దర్శకుడు చక్ జోన్స్, కథ మైకేల్ మాల్టీస్. నిడివి ఏడు నిమిషాల లోపే. మనిషి వెర్రెత్తి కనిపించిన వాళ్లందరి మీదా పడటానికి మలయ్ భాషలో ఒక మాట ఉంది. ఇంగ్లీషు వాళ్లు దాన్ని 'అమక్' అని అరువు తెచ్చుకున్నారు. ఆ మాట చివరి 'మక్' అంటే ఇంగ్లీషులో బురద. బాతు కదా, బురద ఉండాల్సిందే.

కథ చెప్పమంటే చెప్పడానికేమీ లేదు. డాఫీ డక్ అనే నల్ల బాతు ఫ్రెంచి మస్కటీరు వేషంలో, ఈక టోపీ పెట్టుకుని, కత్తి తిప్పుకుంటూ వస్తుంది. వెనక కోట ఉంది. బాతు ముందుకు సాగుతుంటే నాలుగడుగులకే కోట అయిపోయి తెల్ల కాగితం మొదలవుతుంది. బాతు ఆగి, చుట్టూ చూసి, సీనరీ ఏదని అడుగుతుంది. ఒక కుంచె పక్క నుంచి వచ్చి సీనరీ వేస్తుంది. అయితే కోట కాదు, పల్లెటూరి పొలం. బాతు నాలుక్కరుచుకుని లోపలికి పోయి, రైతు వేషంలో పాడుకుంటూ వస్తుంది. నడుస్తుండగానే పొలం పోయి మంచు వస్తుంది. మళ్లీ లోపలికి పోయి స్కీలు కట్టుకుని వస్తుంది. మంచు పోయి హవాయి. ఈసారి మెడలో పూలదండ, చేతిలో చిన్న గిటారు లాంటి ఉకులేలే. అక్కడికి హవాయీ పోతుంది. వెనక మళ్లీ తెల్ల కాగితమే. బాతు మర్యాదగానే విన్నవించుకుంటుంది: ఇది కార్టూన్ సినిమా, కార్టూన్ సినిమాల్లో సీనరీ ఉంటుంది అని. జవాబుగా పెన్సిలు వెనక ఉండే రబ్బరు వచ్చి బాతును ముక్కు నుంచి పాదాల దాకా చెరిపేస్తుంది. తెల్ల కాగితంలోంచి గొంతొక్కటే వస్తుంది, నేనెక్కడున్నానని.

ఇక్కడ మాస్టారు నవ్వారు. ఆయన నవ్వడం ఆ సినిమా మొత్తం మీద అదొక్కసారే. నాకు అప్పుడు తెలియలేదు.

ఈ సినిమా మీద రాసినవాళ్లు చాలామంది ఒకే మాట చెబుతారు: ఒళ్లు తీసేసినా, గొంతు తీసేసినా, వెనక లోకాన్ని తీసేసినా డాఫీ డాఫీలాగే మిగులుతాడు, స్వభావమే పాత్ర అని. జోన్స్ చెప్పిందీ దాదాపు ఇదే. నిజమే, కాదనను. కానీ బల్ల ముందు కూర్చుని పని చేసినవాడికి ఈ సినిమాలో ఇంకోటి కనిపిస్తుంది. ఆ బాతుకు జరిగే ప్రతి అవమానమూ స్టూడియోలోని ఏదో ఒక గది నుంచి వస్తుంది. ఏ గదివాళ్లు ఏం చేస్తారో వరసగా చూడాలంటే ఇంతకంటే మంచి పాఠం లేదు. మొదట బ్యాక్‌గ్రౌండు వేసేవాళ్లు మొండికేశారు. ఈ సినిమాకు లేఅవుట్లు మారిస్ నోబుల్‌వి, బ్యాక్‌గ్రౌండు పెయింటింగు ఫిలిప్ డి గార్డ్‌ది. తెరంతా తెల్లగా వదిలేస్తే ప్రేక్షకుడికి విసుగు పుట్టకుండా చూడటం ఎంత కష్టమో ఆ ఇద్దరినీ అడగాలి. ఖాళీని కూడా కొలిచి పెట్టాలి.

తర్వాత సౌండు. బాతు కౌబాయ్ వేషంలో గిటారు మీటుతుంది. చప్పుడు లేదు. ఒక అట్టముక్క మీద 'దయచేసి శబ్దం' అని రాసి పట్టుకుంటుంది. ఈసారి గిటారు మీటితే మెషిన్ గన్ మోత వస్తుంది. మళ్లీ మీటితే కారు హారను, ఇంకోసారి గాడిద ఓండ్ర. నోరు తెరిస్తే కోడి కూత. చివరికి కోపం పట్టలేక, జీవితంలో ఇంత అవమానం ఎప్పుడూ జరగలేదని అరిచేసరికి హఠాత్తుగా గొంతు తిరిగొస్తుంది. ఆ అరుపు తనకే పెద్దగా వినబడి బాతు తడబడుతుంది. ఆ గొంతు మెల్ బ్లాంక్‌ది. వార్నర్ కార్టూన్ల పాత్రల్లో సగానికి పైగా ఆయన గొంతులే. తెర మీద గాత్రదాతగా పేరు వేయించుకునే ఒప్పందం ఆ రోజుల్లో ఆయనొక్కడికే ఉండేది. సంగీతం కార్ల్ స్టాలింగ్‌ది. మూగ సినిమాల కాలంలో కాన్సాస్ సిటీ హాళ్లలో తెర చూస్తూ ఆర్గన్ వాయించిన మనిషి. 1936 నుంచి రెండు దశాబ్దాలకు పైగా వార్నర్ కార్టూన్లకు సంగీతం కూర్చాడు. బొమ్మ ఎక్కడ అడుగేస్తే అక్కడ స్వరం పడాలి. ఇక్కడ సగం చోట్ల ఆయన సంగీతానికి నోరు మూసుకోవడమే పని. ఆ మౌనాన్ని కూడా ఫ్రేముల లెక్కలో కట్టి ఇచ్చారు.

తర్వాత రంగులు. సీనరీకి రంగులేవని బాతు తిడితే కుంచె వచ్చి బాతు ఒంటికే గడులు, చారలు, చుక్కలు పులిమేస్తుంది. ఇది ఇంక్ అండ్ పెయింట్ గది పని. కాగితం మీది పెన్సిలు గీతను పారదర్శకమైన సెల్యులాయిడ్ షీటు మీద సిరాతో ఎక్కించాలి. దానికి వెనక వైపు నుంచి రంగు నింపాలి. ముందు నుంచి నింపితే గీత చెడిపోతుంది. ఈ గదిలో పనిచేసింది ఎక్కువగా ఆడవాళ్లు. వాళ్ల పేర్లు తెర మీద పడేవి కావు. సినిమా షూటింగు అయ్యాక ఆ షీట్లను చాలాసార్లు కడిగేసి మళ్లీ వాడేవారు. అంటే, అయ్యా, బాతు నిజంగానే చెరిగిపోయేది. తెర మీద రబ్బరుతో, స్టూడియో వెనక నీళ్లతో.

సెకనుకు 24 ఫ్రేములు. ఏడు నిమిషాలనుకుంటే 10,080 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేముల పాటు నిలిపినా ఐదువేల పైచిలుకు బొమ్మలు. కదలకుండా నిలబడే ఘట్టాలు తీసేసినా లెక్క వేలల్లోనే తేలుతుంది. కెన్ హారిస్, బెన్ వాషమ్, లాయిడ్ వాన్ అనే యానిమేటర్లు వీటిని కదిలించారు. ఒక్కో దర్శకుడి బృందం ఏడాదికి ఇలాంటి సినిమాలు సుమారు పది తీయాల్సి వచ్చేది. ఎడిటింగు అనే వెసులుబాటు లేదు. వేసిన బొమ్మను పారేయడమంటే జీతం పారేయడం. అందుకని దర్శకుడు ముందే, ఒక్క బొమ్మ కూడా గీయకముందే, ప్రతి కదలికకూ ఎన్ని ఫ్రేములో షీటు మీద రాసేసుకునేవాడు. డాఫీ ఒక్కసారి కనురెప్ప ఆర్పి, ఆగి, ప్రేక్షకుడి వైపు చూస్తాడే, ఆ ఆగడం ఎన్ని ఫ్రేములో జోన్స్‌కు తెలుసు. రెండు తగ్గితే నవ్వు రాదు. నాలుగు పెరిగితే నవ్వు వచ్చి వెళ్లిపోయి ఉంటుంది. ఈ విద్య మాకు ఎవరూ నేర్పలేదు. మేం కంప్యూటరు మీద వేసుకుని, చూసుకుని, దిద్దుకునేవాళ్లం.

ఆ తర్వాత కెమెరా గది పగబట్టింది. క్లోజప్ కావాలని బాతు అడిగితే బాతు చుట్టూ నల్లటి చట్రం బిగుసుకుని, బొమ్మ పోస్టు బిళ్లంత అయిపోతుంది. ఇంకా దగ్గరికి రమ్మంటే రెండు నెత్తుటి జీరల కళ్లు తెరంతా నిండుతాయి. తర్వాత తెర పైభాగపు నలుపు తడిసిన పందిరి గుడ్డలా బాతు నెత్తి మీదకు జారుతుంది. బాతు కర్ర పోటు పెట్టి నిలబెట్టబోయి, చివరికి దాన్ని చింపి పారేస్తుంది. ఆఖరికి ప్రొజెక్టరు కూడా. ఫిల్ము జారి, ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య ఉండే గీత తెర నడుమకు వచ్చి ఆగుతుంది. పైన ఒక డాఫీ, కింద ఒక డాఫీ. ఇద్దరూ నువ్వెవరంటే నువ్వెవరని తగవు పడతారు. పాత టూరింగు టాకీసుల్లో ఫ్రేము జారితే మనం ఈలలేసి, కుర్చీలు బాదేవాళ్లం. ఆపరేటరు ఉలిక్కిపడి లేచి సర్దేవాడు. ఆ గీత పైనా కిందా ఉన్నవాళ్లకు ఏమనిపిస్తుందో మనకు తట్టలేదు. మాల్టీస్‌కు తట్టింది. నాకు ఈ సినిమాలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. ముప్పైసార్లు చూసి ఉంటాను, ఇప్పటికీ పైవాడి పక్షమా కిందివాడి పక్షమా తేల్చుకోలేదు.

గీసిన చేతికీ గీసిన బొమ్మకూ మధ్య తగువు కొత్తది కాదు. 1908లో ఎమిల్ కోల్ 'ఫాంటాస్మగోరీ'లో చిత్రకారుడి చెయ్యి కనిపిస్తుంది. 1914లో విన్సర్ మెకే తన డైనోసార్ గెర్టీతో వేదిక మీద నిలబడి మాట్లాడేవాడు, అది మొరాయిస్తే కసిరేవాడు. ఫ్లైషర్ సోదరుల కోకో విదూషకుడు సిరాబుడ్డిలోంచి లేచి వచ్చి, చివరికి సిరాబుడ్డిలోకే పోయేవాడు. వాళ్లందరూ చేతిని చూపించారు. నిజమైన మనిషి చెయ్యి, చొక్కా కఫ్ఫుతో సహా. జోన్స్ ఏం చేశాడంటే, చేతిని మాయం చేశాడు. ఏడు నిమిషాల్లో కుంచె వస్తుంది, పెన్సిలు వస్తుంది, రబ్బరు వస్తుంది. వాటిని పట్టుకున్న వేళ్లు మాత్రం కనబడవు. ఎందుకు కనబడకూడదో చివరి పది సెకన్లలో తెలుస్తుంది.

బాతు విమానమెక్కుతుంది, ఎదుట కొండ వస్తుంది. పారాచూటులో దూకుతుంది. పారాచూటును చెరిపి అక్కడ కమ్మరి దాగలి గీస్తారు. కింద పడి, మతి చెడి, ఆ దాగలినే సుత్తితో కొడుతుంటే దాన్ని ఫిరంగి గుండుగా మార్చేస్తారు. అది పేలుతుంది. బాతుకు ఇక పోగొట్టుకునేదేమీ లేదు. ఎవరు నువ్వు, బయటికి రా, మొహం చూపించు అని నిలదీస్తుంది. పెన్సిలు ఒక తలుపు గీసి, దాన్ని బాతు మొహం మీదే మూసేస్తుంది. అప్పుడు కెమెరా వెనక్కి జరుగుతుంది. డ్రాయింగు బల్ల, దాని ముందు కూర్చున్నది బగ్స్ బన్నీ అనే కుందేలు. తెల్ల గ్లోవ్స్ తొడుక్కుని ఉంటుంది. చెయ్యి ముందే కనబడితే గ్లోవ్ చూసి గుర్తుపట్టేసేవాళ్లం. కుందేలు మన వైపు తిరిగి, నేను కాస్త తుంటరివాణ్ణి కదూ అన్నట్టు ఒక మాట అంటుంది. సినిమా అయిపోతుంది.

లాప్‌టాప్ మూశాను. మాస్టారు చుట్ట ఆరిపోయిందని మళ్లీ ముట్టించుకున్నారు. "ఒరేయ్, ఆ బాతు చేసిన తప్పేంట్రా?" అన్నారు.

"తప్పేం లేదండీ. హాస్యం" అన్నాను.

"హాస్యమే. గీత కూడా బాగుంది. ఆ కళ్లు ఎవరు వేశారో గానీ మహానుభావుడు. కానీ అది ఏం చేసిందిరా? పిలిస్తే వచ్చింది. ఏ వేషం కావాలంటే ఆ వేషం వేసుకొచ్చింది. ఆ కుందేలుకేం పోయేకాలం?"

నేనేదో చెప్పబోయాను. ఆయన కాఫీ వచ్చిందన్నారు. ఆ మాట అక్కడే ఉండిపోయింది.

ఆయన అన్నదానికి జవాబు వెతకడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. మొదటి జవాబు, జోన్స్ సొంత నియమంలోంచే మాస్టారి పక్షాన దొరికింది. తన దగ్గర కుందేలు ఎప్పుడూ తానుగా కయ్యానికి కాలు దువ్వదని, ఎవరైనా దాని జోలికి వచ్చాకే తిరగబడుతుందని జోన్స్ చెప్పుకునేవాడు. ఆ నియమం వల్లనే జనం దాని పక్షాన ఉంటారు. 'డక్ అమక్'లో ఆ నియమం గాలికి పోయింది. ఇక్కడ బాతు దాని జోలికి పోలేదు. పోవడానికి అక్కడ కుందేలుందని కూడా దానికి తెలియదు.

రెండో జవాబు పాత బాకీ. డాఫీ 1937లో టెక్స్ ఏవరీ సినిమాలో పుట్టినప్పుడు వట్టి వెర్రిబాగులది, నీళ్ల మీద గెంతులేసేది. జోన్స్ దానికి అసూయ నేర్పాడు. 1940లో వచ్చిన కుందేలు పెద్ద స్టారయ్యాక, ముందు వచ్చిన చెవుల కన్నా వెనక వచ్చిన కొమ్ములు వాడి అన్నట్టయింది బాతు బతుకు. 1951లో 'రాబిట్ ఫైర్', 1952లో 'రాబిట్ సీజనింగ్'. ఆ రెండింటిలోనూ బాతు వేటగాడి తుపాకీని కుందేలు మీదకు తిప్పడానికి నానా తంటాలు పడి, ప్రతిసారీ తనే గుండు దెబ్బ తిని, ముక్కు తల వెనక్కి తిరిగిపోయి నిలబడుతుంది. 1953లో థియేటర్లో కూర్చున్న అమెరికా ప్రేక్షకుడు ఇవన్నీ చూసి వచ్చినవాడు. చివర్లో కుందేలు కనబడగానే అతనికి లెక్క సరిపోయింది. మాస్టారు అరుగు మీద కూర్చుని ఆ ఒక్కటే చూశారు. ఆయనకు అప్పు తెలియదు, వసూలొక్కటే కనిపించింది.

ఈ జవాబు నాకు చాలాకాలం నచ్చింది. ఇప్పుడు అంతగా నచ్చడం లేదు. ఏడు నిమిషాల సినిమాను అర్థం చేసుకోవడానికి అంతకుముందు రెండేళ్ల సినిమాలు చూసి రావాలంటే, అది ఆ సినిమా బలం కాదు. మాస్టారు చూసిన పద్ధతే సరైన పద్ధతి కావచ్చు. ఆ బొమ్మను ఆ బొమ్మగానే చూశారు.

మూడోది జవాబు కాదు, ఒక అనుమానం. కుందేలు మొహం చూపించి సినిమా మనల్ని తప్పించిందేమో. అంతదాకా ఆ బాతును చెరుపుతున్నది ఎవరో మనకు తెలియదు. నవ్వుతున్నది మాత్రం మనమే. ఇంకో నిమిషం చేతిని చూపించకుండా ఉండి ఉంటే మనకు మన మీదే అనుమానం వచ్చేది. కుందేలు కనబడగానే, ఓహో వీడా అని ఊపిరి పీల్చుకున్నాం. అయినా ఆ కుందేలు కూడా గీసినదే కదా, దాని పెన్సిలు కూడా గీసినదే. కెమెరా ఇంకొక్క అడుగు వెనక్కి జరిగితే లాస్ ఏంజెలెస్‌లో ఒక గది, ఒక బల్ల కనిపించేవి. జరగలేదు. నలభై ఏళ్ల తర్వాత, 1994లో, యానిమేషన్ రంగంవాళ్లను అడిగి వేసిన యాభై గొప్ప కార్టూన్ల జాబితాలో ఇది రెండోది. 1999లో అమెరికా జాతీయ చలనచిత్ర రిజిస్ట్రీలో చేర్చారు. ఇంత మర్యాద జరిగిన సినిమాకు మాస్టారి ప్రశ్న ఒక్కటి బాకీ ఉంది.

ఒక ముక్క మరిచాను. కుంచె ఆ బాతును పూరేకుల తలతో, తోకకు జెండాతో ఒక వింత జంతువుగా గీసినప్పుడు, బాతు తన ఒళ్లు మారిపోయిన సంగతి ఇంకా ఎరగక, పచార్లు చేస్తూ ఒక మాట అనుకుంటుంది. నేను కాంట్రాక్టు ప్రకారమే నడుచుకున్నానే, అందులో లోటేమీ చేయలేదే అని. అద్దంలో మొహం చూసుకునేది ఆ తర్వాతే. ఆ సినిమా విడుదలైన ఏడాదే, త్రీడీ సినిమాల మోజు చూసి, వార్నర్ వాళ్లు కార్టూన్ స్టూడియోను కొన్ని నెలలు మూసేశారు. జోన్స్ ఆ నెలలు డిస్నీలో పని చూసుకుని, 1954లో తిరిగొచ్చాడు. సినిమా తీసేటప్పటికి వాళ్లకు అది తెలియదు. రెంటికీ ముడి పెట్టను. కానీ మొదటిసారి మాస్టారితో చూసినప్పుడు ఆ కాంట్రాక్టు మాట దగ్గర నేను పెద్దగా నవ్వాను. ఆయన నవ్వలేదు. పాజ్ చెయ్యమన్నారు. బొమ్మ ఆగింది. ఆ పూరేకుల తల వంక చాలాసేపు చూశారు.

"పాపం, స్కీలు కూడా తెచ్చుకుందిరా" అన్నారు.

స్కీలు అంతకు రెండు నిమిషాల ముందటి సంగతి. అది ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో నేను అడగలేదు. లెక్కల మాస్టారు బోర్డు తుడవకుండానే వెనక్కి తిరిగి, ఇంకో పావుగంటండీ అనేవారు శనివారాల్లో. మా మాస్టారు సరేనండీ అని, సుద్దల డబ్బా చంకన పెట్టుకుని వరండాలో నడిచి, ఎనిమిదో తరగతి గుమ్మంలో నిలబడి, "మీకిప్పుడు ఏ పీరియడ్‌రా?" అని అడిగేవారు.